పేరు దగ్గర ఆగిన పాట

...గొంతు పోలేదని డాక్టరు మొదటిరోజే చెప్పాడు కదా, నాలుక బాగుంది, గొంతు బాగుంది, మాటను వెతికి తెచ్చే చోటే దెబ్బతింది అని. మరి ఆ చోటు మదనపల్లె మండీలో పనిచేసి పుంగనూరులో ఈ ఇంట్లో ఎందుకు పనిచేయదు, రెండింటికీ మధ్య ఒక గంట ప్రయాణం తప్ప ఏముంది, నేను తప్ప ఏముంది, అనుకుంటూ రేఖ సంగటిలోకి చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి, నూరుతూనే ఉంది. అది నలిగి చాలాసేపైంది. నూనె కక్కుతోంది.

నిన్న మధ్యాహ్నం నుంచి వీధి వీధంతా అదే మాట. శివకుమార్ పాడినాడంట.

శివరాత్రి మరునాడు స్నానాలగదిలో కూలిపోయి కుడిచెయ్యీ, కుడికాలూ, మాటా ఒక్కసారే పోగొట్టుకున్న మనిషి. ఇన్ని నెలలుగా ఇంట్లో ఒక్క మాట పలకని మనిషి. నిన్న తమ్ముడు గణేష్ భుజం పట్టుకుని టమాటా మండీలోకి నడిచి, క్రేట్ల వరుస ముందు నిలబడి, ఎవరూ అడక్కుండానే వేలం ఎత్తుకున్నాడట. నానూరు, నానూరు, నానూటా పది. పెళ్ళికి ముందు నుంచీ ఆ మండీలో పాడిన గొంతుతోనే. తడబాటు లేకుండా. వ్యాపారస్తులు మూగారట. కూలీలు తట్టలు దించి చూశారట.

గణేష్ అదంతా ఫోనులో పట్టుకొచ్చి చూపించాడు. రేఖ చూసింది. వంకరపోయిన మూతి ఆ కొద్దిసేపు సర్దుకున్నట్టు కనిపించింది. అందులో ఉన్నది తన మొగుడే. పక్కనే కుర్చీలో కూర్చుని తన మొహం చూడకుండా గోడ చూస్తున్నదీ తన మొగుడే.

అప్పుడు వర్షిత వెళ్ళి తండ్రి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఏడో తరగతి పిల్ల. "నాన్నా, నా పేరు పాడు" అంది.

శివకుమార్ పెదవులు తెరుచుకున్నాయి. గాలి మాత్రం వచ్చింది. తర్వాత కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. రేఖ పిల్లను లాగేసింది. ఎందుకు లాగిందో అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉంది. పిల్ల బాధపడుతుందనా, ఆయన బాధపడతాడనా, లేక ఒకవేళ ఆ పేరు నిజంగానే పలికితే తన పేరు పలకలేదన్న సంగతి మిగిలిపోతుందనా.

"నూరింది సాల్లే. ఇంకేముంది దాంట్లో" అంది వెంకటరత్నమ్మ గుమ్మంలో నిలబడి.

ఆమె రేఖకు అత్తే కాదు, మేనత్త కూడా. తమ్ముడి కూతుర్ని ఏరికోరి తెచ్చుకుంది. ఆ చనువుతోనే నిన్నటి నుంచి ఒకే మాటను అటు తిప్పి ఇటు తిప్పి అంటోంది. మండీలో నోరొచ్చినోడికి ఇంట్లో నోరు పోయిందంటే లోపం నోట్లో ఉంటుందా, ఇంట్లో ఉంటుందా అని. పక్కింటావిడతో అంది. ఫోనులో ఎవరితోనో అంది. ఇప్పుడు నేరుగా అనడానికి వచ్చింది.

"వాడు మాట్లాడకుండా లేడే. నీతో మాట్లాడకుండా ఉండాడు. రెండూ ఒకటి కాదు" అంది.

రేఖ పచ్చడిబండ పక్కన పెట్టింది. "నేనేం చేసినానత్తా ఆయన్ని?"

"ఏం చేసినావని నేనంటినా? చేసేదంతా చేస్తానే ఉండావు. స్నానం నువ్వే, అన్నం నువ్వే, అడిగినోళ్ళకు జవాబూ నువ్వే. మొగోడు మండీలో పదిమందిని నోటితో ఆడించినోడు. వానికి సిగ్గుండదా?"

చెప్పడానికి చాలా ఉన్నా, రేఖ తిన్నగా గదిలోకి పోయి శివకుమార్ ముందు సంగటి పళ్ళెం పెట్టింది. ఆయన ఎడమచేత్తో పళ్ళేన్ని కొంచెం అవతలికి జరిపాడు. అందక జరిపాడనుకుని రేఖ దాన్ని మరింత దగ్గరికి లాగి, ముద్ద చేసి నోటికి అందించింది. ఆయన తిన్నాడు. ఎప్పుడూ తింటాడు.

ఆయన కళ్ళు కదిలితే చాలు తనకు తెలుస్తుందని రేఖ అందరికీ చెప్పేది. తాను పనిచేసే స్కూల్లో తోటి టీచర్లు మెచ్చుకునేవాళ్ళు. మీ ఆయన మాటలన్నీ నీ దగ్గరే ఉండాయి రేఖా అనేవాళ్ళు. ఆ మెప్పును ఆమె చాలా నెలలు లోపల దాచుకుని, అలిసిపోయినప్పుడు తీసి చూసుకునేది. నిన్నటి నుంచి అది కూడా ఎగతాళిలా వినిపిస్తోంది.

గణేష్ కారు తెచ్చాడు. ప్రతి శనివారం కుప్పం ఆస్పత్రిలో మాటలు నేర్పించే క్లాసు ఉంటుంది. బడులు తెరిచినప్పటి నుంచి రేఖకు కుదరక గణేషే అన్నను తీసుకుపోయి తెస్తున్నాడు. ఇక ఆ కుప్పం తిరుగుడు అక్కర్లేదని, సోమవారం నుంచి మండీకే తీసుకుపొమ్మని వెంకటరత్నమ్మ తేల్చేసింది. పాడతా పాడతా మాటలు అవే వస్తాయి, ఇదే ఆఖరుసారి అంది.

రేఖ చెప్పులు వేసుకుంది. ఈరోజు రెండో శనివారం, తానూ వస్తానంది.

గణేష్ తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "నువ్వు రావడం యాల వదినా. దొరక్క దొరక్క ఒక సెలవు దొరికింది. గమ్మున పడుకోరాదా" అన్నాడు.

ఆ మాటలో అక్కర ఉంది. అక్కర కింద ఇంకేదో ఉంది. రేఖ విని, విననట్టు వెళ్ళి వెనకసీట్లో కూర్చుంది. కాలు చాపుకోవడానికి వీలని శివకుమార్‌ను ముందు కూర్చోబెట్టారు.

కారు పలమనేరు రోడ్డెక్కింది. రేఖ ముందున్న మెడను చూస్తూ కూర్చుంది. ఆ మెడ మీద వెంట్రుకలు తానే కత్తిరించింది, మంగలిషాపుకు పోవడానికి ఆయన ఒప్పుకోలేదని. ఒప్పుకోలేదని ఎవరు చెప్పారు? తానే. షాపు ముందు ఆటో ఆపినప్పుడు ఆయన దిగలేదు. దిగలేదంటే ఒప్పుకోలేదని తాను అర్థం చేసుకుంది.

ఫోనులోని పాట మళ్ళీ చెవుల్లో తిరిగింది. నానూటా పది, నానూటా ఇరవై. ధర పెరుగుతూ పోయింది, పెరుగుతూ పెరుగుతూ ఉండగానే వీడియో ఆగిపోయింది.

రేఖ నిటారుగా కూర్చుంది.

వేలం పాడేవాడి పెళ్ళానికి ఒక సంగతి తెలుసు. పాట ఎంత బాగా పాడినా, చివర ధర దగ్గర ఆగి, కొన్నవాడి పేరు గట్టిగా చెప్తేనే సరుకు అమ్ముడైనట్టు. పేరు పడలేదంటే ఆ క్రేట్లు రైతువే. కొత్తగా పెళ్ళయినప్పుడు శివకుమార్ నిద్రలో కూడా ధర పాడి చివర ఎవరో వ్యాపారస్తుడి పేరు చెప్పి పక్కకు తిరిగేవాడు. ఆమె నవ్వు ఆపుకోలేక లేచి కూర్చునేది.

"గణేషా" అంది. "నిన్న ఆ సరుకు ఎవరికి కొట్టినాడు?"

గణేష్ అద్దంలో ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పేశాడు.

"ఎవరి పేరు చెప్పినాడు గణేషా?"

గణేష్ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ధర ఆగిపోయింది. పైకి అడిగేవాళ్ళు లేరు. అన్న మాత్రం ఆగలేదు. ఎవరూ అడగని ధరను పెంచుకుంటూ పోయాడు. మొదట అందరూ తమాషా అనుకుని నవ్వారు. ఎవరికప్పా, ఎవరికి అని వ్యాపారస్తులు అడిగారు. అన్న వాళ్ళ మొహాల వైపు చూశాడు. ప్రతి మొహమూ ఎరిగిందే. నోరు తెరిచి మళ్ళీ అంకెల్లోకే పోయాడు. తానే భుజం మీద చెయ్యేసి ఆపాడు. తానే ఒకరి పేరు చెప్పి పాట ముగించాడు.

"అమ్మకు సెప్పలేదు. ఆయమ్మ సంతోషంగా ఉండాది" అన్నాడు.

రేఖకు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అక్కడా ఆయన ఏ పేరూ పలకలేదు. మండీకి ఇచ్చి తనకు దాచుకున్నది ఏమీ లేదు. ముందుకు వంగి శివకుమార్ భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం కొంచెం బిగిసింది. గాలికేమో అనుకుని కిటికీ అద్దం ఎక్కించింది.

కుప్పంలో ఆ గది చిన్నది. గోడకు జంతువుల బొమ్మలు, పండ్ల బొమ్మలు. టేబులు అవతల మాటలు నేర్పించే జువేరియా, ముప్పై దాటని అమ్మాయి, ఈ ఊరిదే. రేఖను చూడగానే ఆమె ముఖం విప్పారింది. ఇన్నాళ్ళకు వచ్చారా అక్కా అంది.

గణేష్ చూపించిన వీడియోను ఆమె చివరిదాకా చూసింది. ఆశ్చర్యపోలేదు. లెక్క, పాట, శ్లోకం, తిట్టు, నోటికి బాగా అలవాటైనవి ఏవైనా సరే మామూలు మాటల దారిన రావని, వాటికి వేరే దారి ఉంటుందని చెప్పింది. వాళ్ళ అమ్మమ్మకు, నానీకి, పక్షవాతం వచ్చినప్పుడు నమాజు మొత్తం చదివేదట, దాహమేస్తే నీళ్ళని మాత్రం అడగలేకపోయేదట. ఇంట్లో వాళ్ళు ఆమె నాటకమాడుతోందనుకున్నారట. అందుకే తాను ఈ చదువు చదివిందట.

"పాడింది మాట కాదక్కా. పాట ఆపి పేరు చెప్పాలంటే, అది మాట. అది ఇంకా కష్టం" అంది.

రేఖకు ఆ అమ్మాయిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. వెంకటరత్నమ్మ ఇక్కడుండి ఇది వినాల్సింది. పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీకి వీపు ఆనించింది.

"అదే కదమ్మా నేనూ చెప్తాండేది" అంది. "ఒక్క మాటైనా వస్తే నాతో అనడా? పలకలేడు కాబట్టే పలకడం లేదు."

జువేరియా ఆమె వైపు చూసి, గణేష్ వైపు చూసింది. గణేష్ గోడ మీద ఏనుగు బొమ్మను చూస్తున్నాడు.

"ఇంట్లో చెప్పలేదా?" అని అడిగింది అతణ్ణి.

రేఖ మళ్ళీ ముందుకు జరిగింది. ఏమి చెప్పలేదు, ఎవరికి చెప్పలేదు అనడిగింది. తన గొంతు తనకే స్కూల్లో గొంతులా, పిల్లల్ని నిలదీసే గొంతులా వినిపించింది.

జువేరియా కుర్చీ జరుపుకుని శివకుమార్ ఎదురుగా వచ్చి కూర్చుంది. "అన్నా, వదినకు చెప్పచ్చా?" అంది.

జువేరియా తొందరపడలేదు. మళ్ళీ అడగలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది. అంతసేపు ఎవరైనా ఊరికే కూర్చోవడం రేఖ ఈ నెలల్లో చూడలేదు. మధ్యలో రెండుసార్లు తానే ఏదో అనబోయి ఆగింది. చివరికి శివకుమార్ తల కిందికి వాలి, పైకి లేచింది.

ఆయన ఇక్కడ మాటలు చెప్తున్నాడని జువేరియా చెప్పింది. చిన్న చిన్నవి. రా, పో, చాలు, టీ. బొమ్మ చూపిస్తే కొన్నిటి పేర్లు. కొన్ని వారాలు ఏమీ చెప్పడు, కొన్ని వారాలు నాలుగైదు వస్తాయి. మొదట్లో ఆయనకు బాగా దిగులుగా ఉండేదని, దిగులున్నప్పుడు మెదడు ఏదీ కొత్తగా పట్టుకోదని, దానికి డాక్టరు మందు రాశాక కొంచెం కొంచెంగా కుదురుకున్నాడని చెప్పింది. ఆ మాత్ర రోజూ రాత్రి రేఖే వేస్తోంది. నిద్రకనుకుని వేస్తోంది. గణేష్ అట్లాగే చెప్పాడు.

"ముందు ఏం మాటన్నాడు?" అనడిగింది రేఖ.

జువేరియా తలవంచుకుంది. "అక్కా, అది ఇప్పుడెందుకు..."

"సెప్పమ్మా. ఎట్లాంటి మాటైనా పరవాలేదు."

ఆ అమ్మాయి మళ్ళీ శివకుమార్ వైపు చూసింది. ఆయన కళ్ళు దించుకోలేదు.

"ఆ రోజు అన్న నా వేలు పట్టుకుని ఏదో అనడానికి చాలా కష్టపడినాడు. నేను సంతోషంతో, ఈ సంగతి వదినకు ఫోను చేసి చెప్తానన్నా అన్నాను. అప్పుడన్నాడు." ఆమె కొంచెం ఆగింది. "వద్దు, అన్నాడు."

రేఖకు అర్థం కావడానికి టైం పట్టింది. మాటలు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చున్నాయి. ఇన్ని నెలల తర్వాత ఆయన నోట పుట్టిన మొదటి మాట. అది పుట్టింది తనకు తెలియకూడదని.

ఆ శనివారం తాను ఏం చేస్తూ ఉండింది? పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండిందా? ఆయన దుప్పట్లు ఉతుకుతూ ఉండిందా? ఆ సాయంత్రం వచ్చాక ఆయనకు కాళ్ళు కడిగి ఉంటుంది. గణేష్‌కు కాఫీ ఇచ్చి, ఏమన్నా తేడా ఉండాదా గణేషా అని అడిగి ఉంటుంది. ఏం లేదు వదినా అని వాడు చెప్పి ఉంటాడు. ఇద్దరూ కూర్చుని ఆ కాఫీ తాగి ఉంటారు.

"నీకు తెలుసు" అంది గణేష్‌తో.

"అన్న నా చెయ్యి పట్టుకున్న్యాడు వదినా. ఇడిసిపెట్టలేదు. నేనేం చేసేది?"

"ఆయన చెయ్యి పట్టుకున్న్యాడు. నా సంగతే నీకు పట్టలేదు" అంది రేఖ.

తర్వాత జువేరియా ఏవో చెప్పింది. ఇంట్లో వాళ్ళ ముందు తప్పు పలకడానికి చాలామంది భయపడతారని, ముఖ్యంగా బాగా చూసుకునేవాళ్ళ ముందు అని, తెలియనివాళ్ళ ముందు ఓడిపోతే పోయేదేమీ ఉండదని. నా ముందర ఓడిపోవడమేందమ్మా, నేనేమన్నా పందెం కట్టినానా అంది రేఖ. నాకూ తెలీదక్కా, ఆయనే చెప్పాల, ఇప్పుడు కాకపోతే తర్వాత అంది ఆ అమ్మాయి.

అప్పుడు శివకుమార్ రేఖ వైపు తిరిగాడు. ఎడమచెయ్యి టేబులు అంచును పట్టుకుంది. మెడనరాలు లేచాయి. పెదవులు ముందుకు వచ్చి వెనక్కి పోయాయి.

"ను..." అన్నాడు. "నువ్... నువ్వు..."

"నేనేం చేసినాను బావా?" అనేసింది రేఖ. "సెప్పు. నీకేం తక్కువ చేసినాను నేను?"

శివకుమార్ నోరు మూసుకుంది. చెయ్యి టేబులు మీది నుంచి జారి ఒళ్ళో పడింది. ఆ తర్వాత జువేరియా ఎన్ని బొమ్మలు చూపించినా ఆయన ఒక్కదాన్నీ చూడలేదు. వచ్చే శనివారం వస్తావా అన్నా అంటే మాత్రం తల ఊపాడు. అమ్మ వద్దన్నాదని గణేష్ గొణిగాడు. అందరూ రేఖ వైపు చూశారు. ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని లేచింది.

కారు తిరుగుదారి పట్టింది. రేఖ కిటికీలోంచి చూస్తోంది గానీ మల్బరీ తోటలు ఏవీ కంటికి ఆనలేదు. పళ్ళెం అవతలికి జరిపిన చెయ్యి కనిపించింది. ఎన్ని వద్దులు తినిపించానో, ఎన్ని వద్దులు తాగించానో అనుకుంది. వెంటనే కోపం వచ్చింది. ఎందుకనుకోవాలి అట్లా? ఎవరు చేస్తారు ఇంత? ఒంటికి పోసే నీళ్ళ వేడి తన మోచేత్తో చూసి పోసింది. రాత్రుళ్ళు ఆయన ఊపిరి వింటూ పడుకుంది. ఒక్క మాట, మొదటి మాట, తనదని అనుకోవడానికి ఆ మాత్రం హక్కు లేదా? చెడ్డ మాటైనా సరే, తన మొహం మీద అని ఉంటే తీసుకునేది కాదా?

తీసుకునేదా? నువ్వు అని ఆయన మొదలుపెట్టినప్పుడు రెండో మాట దాకా ఆగలేకపోయింది కదా.

ఆ ఆలోచనను ఆమె పక్కకు తోసేసింది. అది పోలేదు. కోపం కూడా పోలేదు. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

వి.కోట దాటాక గణేష్ కారు పక్కకు ఆపాడు. ఎండ మండుతోంది. టార్పాలిన్ నీడలో కొబ్బరిబోండాల బండి ఉంది. బోండాలమ్మే ఆమె కత్తి పట్టుకునే ముందు కిటికీ దగ్గరికి వచ్చింది. శివకుమార్ వంకరమూతిని చూసింది, ఒళ్ళో పడి ఉన్న చేతిని చూసింది. ఆమె చూపు ఆయన్ను దాటి వెనకసీటు మీదికి వచ్చింది.

"మ్మా, ఆయప్పకు ఏం కాయ కొట్టేది? నీళ్ళకాయా, మీగడకాయా?"

జవాబు రేఖ నాలుక మీదికి వచ్చేసింది. నీళ్ళకాయ. మీగడ ఆయనకు పడదు. పెళ్ళికి ముందు నుంచీ పడదు.

ముందుసీట్లో ఆ మెడ కదలకుండా ఉంది. ఆయనే చెప్పాలని చూస్తున్నాడో, చెప్పకూడదని చూస్తున్నాడో ఆ మెడను బట్టి తెలియలేదు. ఎంత చూసినా తెలియలేదు.

బోండాలామె మళ్ళీ అడిగింది.

రేఖ ఆ జవాబును ఆయనకే వదిలి, తలుపు తెరుచుకుని కిందికి దిగింది. యాడికి వదినా అన్నాడు గణేష్. ఆమె తలుపు మూసి, కారును దాటి, రోడ్డంచున కంకర మీద నడిచింది. వెనక ఏం మాట వచ్చినా, అసలేమీ రాకపోయినా, తన చెవిన పడనంత దూరం వచ్చాక నిలబడింది. రాళ్ళలారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోయింది. దుమ్ము సర్దుకునేదాకా కళ్ళు మూసుకుంది. వెనక్కి తిరగలేదు.